అమ్మే పసుపు, తినే పసుపు

ఇప్పుడు పట్నంలో చిలుకకు ఎక్స్‌రే తీస్తున్నారట. మొన్న ఒక కొత్త డాక్టరమ్మ ఫోను చేసి, ఎవరిదో పావురానికి రక్తపరీక్ష రాశానని ఎంతో గొప్పగా చెప్పింది. సంతోషం. మా కాలంలో పావురానికి పరీక్ష రాయడం మాట అటుంచి, ఎవరైనా పావురాన్ని చేతిలో పట్టుకొని పశువుల దవాఖాన ముందు నిలబడితే, వైద్యానికి తెచ్చారా లేక డాక్టరుకు కూరకు తెచ్చారా అని మర్యాదగా అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది.

మేము చదివిన చదువులో పక్షి అంటే కోడి, కోడి అంటే కొక్కెర తెగులు. పచ్చగా పారుకుంటే కొక్కెర తెగులు, మెడ వాలిస్తే కొక్కెర తెగులు, రెక్క దించితే కొక్కెర తెగులు. పరీక్షలో ఆ ఒక్క జవాబు రాసి పాసయ్యాను. ఉద్యోగంలో కూడా చాలాకాలం అదే జవాబు రాస్తూ పోయాను. ఆ జవాబు ఒకసారి నన్ను ఎట్లా బోర్లా పడేసిందో మీకు చెబుతాను. మీరంతా ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లు, నవ్వుకోండి. చివరిదాకా నవ్వగలిగితే మరీ మంచిది.

ఎనభైల చివర్లో నన్ను ఆర్మూరుకు వేశారు. దవాఖాన అంటే రెండు గదులు, ముందు బర్రెలనూ ఎడ్లనూ కదలకుండా నిలబెట్టే ఇనుప బోను, లోపల ఒక బీరువా. బీరువా తాళంచెవి కాంపౌండర్ మొలతాడుకు ఉండేది. అతను నాకంటే పదిహేనేళ్లు పెద్ద. డాక్టర్లు వస్తారు, పోతారు, అతను మాత్రం కదలడు. అందుకని నన్ను ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు బాగా చూసుకునేవాడు. పని మాత్రం తనకు తోచినట్టే చేసేవాడు.

చలికాలం పోతూ పోతూ ఆ ఊరిని పసుపుకు అప్పగించి పోయేది. నందిపేట్ నుంచి, ఏర్గట్ల నుంచి ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములతో బండ్లు, ట్రాక్టర్లు దిగేవి. మా రిజిస్టరు అట్టకు పసుపు, స్టెతస్కోపు గొట్టానికి పసుపు. తుమ్మితే రుమాలుకు పసుపు. అట్లాంటి ఒక పొద్దున ఒక అడ్తి సేటు రిక్షా దిగాడు. అడ్తి సేటు అంటే రైతు తెచ్చిన పసుపును పై ఊళ్ల వ్యాపారులకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి. తెల్ల ధోవతి, తెల్ల అంగీ, రెండు చేతుల్లో ఇత్తడి పంజరం. పంజరంలో ఒక రామచిలుక, చలికి ముడుచుకున్న ముసలమ్మలా ఒంటి రెక్కలన్నీ ఉబ్బించుకొని కూర్చుంది.

కాంపౌండర్‌కు ఒక అలవాటుంది. ఏ రోగి వచ్చినా మొదట "బోన్ల నిలవెట్టుండ్రి" అంటాడు. ఆ రోజూ అలవాటు కొద్దీ నోరు తెరిచి, పంజరాన్ని చూసి, "సార్, గిది బోన్లనే వచ్చింది" అన్నాడు.

సేటుకు నవ్వు రాలేదు. "డాక్టర్ సాబ్, జర నా చిల్కను సూడుండ్రి. నాలుగు దినాల సంది మాట బంద్ జేసింది. జామపండు పెడితే ముట్టలేదు. దుకాన్ల కూసుంటే నాకు మనసున పడుతలేదు" అన్నాడు.

ఆ చిలుక సంగతి ఊరందరికీ తెలుసు. దుకాణం ముందు వేలాడుతూ, గడపలో అడుగు పెట్టిన ప్రతి రైతునూ "రా పటేలా, కూసో!" అని పిలిచేది. మిగతా వ్యాపారులు రైతు బండి దూరంగా కనబడగానే ఎదురుపోయి ఎద్దుల పగ్గాలు పట్టుకునేవారు. ఈయన గద్దె మీంచి లేచేవాడు కాదు. ఆ పిలుపు వినడానికే చిన్నపిల్లల్ని కూడా బండ్ల మీద వెంటబెట్టుకొని వచ్చేవారు రైతులు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు కదా, తన నోటి మీద నమ్మకం లేక సేటు చిలుక నోరు తెచ్చి పెట్టుకున్నాడని కాంపౌండర్ అనేవాడు.

నేను పంజరం తలుపు తీసి ధైర్యంగా చేయి పెట్టాను. బర్రె కడుపులో భుజం దాకా దూర్చి, అడ్డం తిరిగిన దూడను లాగిన చేయి అది. చిలుక నా చూపుడు వేలిని కొరికి పట్టుకుంది. విడిపించుకోవడానికి కాంపౌండర్, సేటు, నేను ముగ్గురం కష్టపడ్డాం. రోగికి ఇంకా బలం ఉందని తేల్చాను. పంజరం అడుగున రెట్ట నీళ్లలా పచ్చగా ఉంది. చిలుకే పచ్చగా ఉంటుంది, దాని రెట్ట ఎంత పచ్చగా ఉంటే రోగమో నాకేం తెలుసు? రిజిస్టరులో కొక్కెర తెగులు అని రాశాను. కోళ్లకిచ్చే పొడిమందు ఒక పొట్లం కట్టించాను.

సేటు కదల్లేదు. మందు ఒక్కటే ఇస్తే మనవాళ్లకు తృప్తి ఉండదు, ఇంటి వైద్యం కూడా ఒకటి చెప్పాలి. "చిటికెడు పసుపు నీళ్లల్లో కలిపి పెట్టండి" అన్నాను. పసుపుతో చెడిపోయిన ప్రాణిని నేనెప్పుడూ చూడలేదు మరి. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు సేటు ముఖం విప్పారింది.

"గదే నేను గూడ అనుకున్న సాబ్! మన తాన లేనిదా పసుపు? ఫస్టు మాల్ తీసి పెడ్త."

అది రోజూ ఏం తింటుందని నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఆ గదిలోనే అయిపోయేది. మీకు నేను చెప్పగలిగే వైద్యం ఏదైనా ఉంటే ఆ ఒక్క ప్రశ్నే. మిగతాదంతా నా గురించి నేను చెప్పుకునే చాడీ.

మూడో రోజు సేటు మళ్లీ వచ్చాడు, ఈసారి పంజరం లేకుండా. "తలకాయ వణుకుతున్నది సాబ్. కట్టె మీద నిలవలేకపోతున్నది" అన్నాడు. నేను గడ్డం నిమురుకొని, కాసేపు ఆలోచించినట్టు నటించి, పసుపు మోతాదు పెంచమన్నాను. సేటు దండం పెట్టి పోయాడు. నాకు ఇంత భక్తిగల రోగి యజమాని మళ్లీ దొరకలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం హమాలీ ఒకతను ఉరుక్కుంటూ వచ్చి, సేటు వెంటనే రమ్మంటున్నాడని చెప్పాడు. నేను, కాంపౌండర్ సంచి పట్టుకొని పోయాం.

దుకాణం ముందు భాగంలో గద్దె, కాంటా, బస్తాలు. వెనక పెరడులో కొమ్ములకు మెరుగు పెట్టే పెద్ద ఇనుప డ్రమ్ము గడగడా తిరుగుతోంది. పెరడు దాటితే సేటు ఇల్లు. గద్దె ముందు నందిపేట్ దిక్కు రైతు ఒకతను తన పసుపు రాశి పక్కన కూర్చొని ఉన్నాడు. చిలుక అవతల చావుబతుకుల్లో ఉన్నా బేరం ఆగలేదు. సేటు ఒక కొమ్మును వేళ్ల మధ్య తిప్పి కింద పడేశాడు.

"మెరుపు లేదు పటేలా. గిసొంటి మాల్ బొంబాయోడు ముట్టడు."

"దంచి సూడు సేటూ, లోపటి రంగు సూడు. పైన మెరుపుతోని కూర ఉడుకుతదా?" అన్నాడు రైతు.

"లోకం పైననే సూస్తది" అని సేటు నన్ను చూసి లేచాడు.

చిలుక పంజరం అడుగున పడి ఉంది. ఒక రెక్క చాపుకొని, మెడ ఒక పక్కకు వంచి, అప్పుడప్పుడు వణుకుతోంది. దాని చుట్టూ పసుపు కొమ్ములు. నీళ్ల గిన్నె అడుగున చిక్కటి పసుపు, గోడలకు వేసే రంగులా పేరుకొని ఉంది.

"మీరు చెప్పినట్టే చేసిన సాబ్. నీళ్లల్ల కలిపిన. దానికి గూడ ఇష్టమే, రోజు కొరుకుతనే ఉంటది, గందుకని కొమ్ములు గూడ ఏసిన. డ్రమ్ముల నుంచి ఇప్పుడే తీసిన నంబర్ వన్ మాల్" అన్నాడు సేటు.

అప్పుడే ఇంట్లోంచి సేటు తల్లి వచ్చింది. ఎనభై దాటిన ముసలమ్మ, చేతిలో మెత్తగా పిసికిన అన్నం గిన్నె. ఆమెకు ఆ చిలుక మనవరాలి కింద లెక్క. పంజరంలోకి వంగి చూసింది. చూసి, కొడుకు వైపు తిరిగింది.

"గిదెవ్వడు పెట్టిండు రా దీనికి? గిది అమ్మెటి పసుపు గదరా! చిల్కకు పెడ్తర్రా దీన్ని? ఇంట్ల తినే పసుపు లేకపాయెనా?"

కాంటా దగ్గర హమాలీలు నేల చూశారు. వాళ్లకు ఎప్పుడో తెలుసని ఆ చూపుతో నాకు అర్థమైంది. తెలియనివాళ్లం ఇద్దరమే, నేనూ ఆ రైతూ. రైతు మెల్లగా లేచి నిలబడ్డాడు.

"అమ్మెటిదేంది, తినేటిదేంది అవ్వా? రెండు వేరే వేరే ఉంటయా?"

"ముసల్దానికి మతి లేదు పటేలా, కూసో" అన్నాడు సేటు.

"మతి నాకు లేదా?" అని అవ్వ ఇంకా ఏదో అనబోయింది. సేటు ఆమెను రెక్క పట్టుకొని లోపలికి తీసుకుపోయాడు. చిలుక పంజరం అడుగున ఒకసారి కొట్టుకొని మళ్లీ పడిపోయింది.

కాలేజీలో మా పంతులు ఒకాయన, తలుపులకు వేసిన రంగు నాకి చచ్చిన ఆవుల గురించి ఒక పూట చెప్పాడు. కొన్ని రంగుల్లో సీసం ఉంటుందని, అది కడుపులోకి పోతే నరాలు చచ్చుబడతాయని, వెంటనే భేది ఉప్పు పట్టాలని. ఆ క్లాసులో నేను నిద్రపోతే సుద్దముక్కతో కొట్టి లేపి మరీ చెప్పాడు. అందుకే గుర్తుంది. ఆ దెబ్బ ఇన్నేళ్లకు పనికొచ్చింది.

మళ్లీ బయటికి వచ్చిన సేటును బస్తాల వెనక్కి పిలిచాను. "కొమ్ములకు మెరుగు దేనితో పెడుతున్నవు సేటూ?"

"మెరుగు డ్రమ్ము పెడ్తది సాబ్. రంగు గింగు ఏం లేదు."

నేను రంగు మాట ఎత్తనే లేదు. దొంగకు తేలు కుడితే ఎట్లా ఉంటుందో ఆ ముఖంలో చూశాను. "సరే. అయితే ఇది కొక్కెర తెగులే. దీనికి మందు లేదు. పొద్దుగూకే లోపల పోతుంది. పెరట్లో గొయ్యి తీయించు" అని సంచి భుజాన వేసుకున్నాను. నిజం చెబుతున్నాను, నా ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అదే.

సేటు పంజరం వైపు చూశాడు. నా వైపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావు. ఆ మనిషికి ఆ పక్షి మీద ఉన్న ప్రేమ నిజం. అదే నన్ను ఇప్పటికీ విసిగిస్తుంది. ప్రేమ లేని మనిషైతే నేను ఇంత కష్టపడి తిట్టుకోవాల్సిన పని లేదు. పెరట్లోకి పోయి, అంగీ కింద దాచి, పేపరు పొట్లం ఒకటి తెచ్చాడు. లోపల పొడి, పసుపు కంటే పసుపుగా ఉంది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు.

"మెరుపు కోసం సాబ్. జరంత, గంతే. అందరు ఏస్తరు."

అందరూ వేస్తారన్నది వేసేవాడి మాట. నేను చూసింది ఆ ఒక్క దుకాణమే. "దీంట్లో ఏముంది?" అన్నాను.

"తెల్వది. మా ఇంట్ల అయితే మా చేను పసుపే దంపిచ్చుకుంటం సాబ్." ఆ మాట తన నిజాయితీకి రుజువన్నట్టే చెప్పాడు. తర్వాత నా చేయి పట్టుకున్నాడు. "బైట అనకుండ్రి. దండం పెడ్త. నా చిల్కను బతికియ్యుండ్రి."

"ముందు చిలుక సంగతి చూద్దాం" అన్నాను. అది ఒప్పుకున్నట్టేనని ఇద్దరికీ తెలుసు. పొట్లంలోంచి ఒక చిటికెడు మాత్రం కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాను.

భేది ఉప్పు మా దవాఖానలో డబ్బాల కొద్దీ ఉండేది. బర్రెకు వెదురు గొట్టంతో పోయడమే మాకు తెలుసు. చిలుకకు ఎంత? కాంపౌండర్ పక్క సందులోని కంసాలి దగ్గర బంగారం తూచే త్రాసు అడిగి తెచ్చాడు. చేతి రుమాలులో చుట్టి రోగిని తూచాం. తర్వాత ఉప్పు తూచాం. పెన్నులో సిరా పోసే ఫిల్లరు కడిగి, అవ్వ చిలుక ముక్కు విప్పి పట్టుకుంటే, చుక్క చుక్కగా పోశాను. కాంపౌండర్ నా చెవి దగ్గరికి వంగి, "బర్రెకు గంత, చిల్కకు గింత. సేటుకెంత వొయ్యమంటరు సార్?" అని అడిగాడు. నవ్వు ఆపుకోబోయి ఒక చుక్క కింద పోశాను.

మూడు రోజులు అవ్వ దాన్ని ఒళ్లోంచి దించలేదు. పసుపు అసలు పెట్టొద్దన్నాను, గంజి, జామపండు పెట్టమన్నాను. రోజూ పొద్దున, సాయంత్రం పోయి చూశాను. అది చస్తుందేమోనని నాకు భయంగా ఉండేది. నేను పెంచమన్న మోతాదే దాని కడుపులో ఉందని నాకు తెలుసు. నాలుగో రోజు నేను గడపలో అడుగు పెట్టగానే, బొంగురు గొంతుతో "రా పటేలా" అంది. కూసో అనడానికి ఇంకా ఓపిక రాలేదు. అవ్వ ఏడ్చింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను, సిగ్గుపడను. సేటు ఊరందరికీ పేడాలు పంచాడు.

ఆ తర్వాత సేటు ఒక జాగ్రత్త తీసుకున్నాడు. పంజరాన్ని పెరటి డ్రమ్ము గాలి తగలకుండా మరింత వీధి వైపుకు జరిపించాడు. డ్రమ్ము తిరుగుతూనే ఉంది.

వారం తర్వాత మా క్వార్టరుకు ఒక మూట వచ్చింది. విప్పితే పసుపు పొడి, మసకగా, మట్టి రంగులో, ఘుమఘుమలాడుతూ. మా ఆవిడ చూసి, "ఇదేంటి, ఇంత పెద్ద సేటు ఇట్లాంటి నాసి సరుకు పంపాడు?" అంది. అది నాసి సరుకు కాదని, అది సేటు ఇంట్లో తినే పసుపని, దాన్ని పంపడమంటే నన్ను ఇంటివాళ్లలో కలుపుకోవడమని నేను చెప్పలేదు. సగం కాంపౌండర్‌కు పంచాను. అతను ఏమీ అడగకుండా తీసుకున్నాడు. ఆ తర్వాత ఏటా సీజనులో ఆ మూట వచ్చేది. ఏటా మేమిద్దరం పంచుకునేవాళ్లం. మా ఆవిడ కూడా రుచి మరిగింది.

రిజిస్టరులో కొక్కెర తెగులు కొట్టేసి అజీర్తి అని రాశాను. జేబులో ఉన్న చిటికెడు కాగితాన్ని ఒక కవరులో పెట్టి, పరీక్షకు పంపాలని పట్నం చిరునామా కూడా రాశాను. అప్పుడు నాకు ఒక న్యాయం తోచింది. మాది పశువుల శాఖ, మనుషుల కడుపులు మా పరిధిలోకి రావు. ఈ మాట పై అధికారి అనకముందే నేనే అనుకొని, కవరును సొరుగులో వేశాను.

ఆ సీజను అయిపోయే ముందు నందిపేట్ రైతు దవాఖానకు వచ్చాడు. ఎద్దుకు మెడ పుండు. కట్టు కట్టించుకొని, పోబోయి ఆగాడు.

"సార్, గా చిల్కకు ఏమైండె?"

"అజీర్తి."

"మెరుపు లేదని నా మాల్ అగ్గువకే తీసుకున్నడు సార్. నాది తింటే చిల్క బతుకుతదా, సస్తదా? గదొక్కటి మీరు మార్కెట్ల నలుగురి ముంగట చెప్తే సాలు."

"నేను పశువుల డాక్టర్‌ను పటేలా" అన్నాను.

"అవు సార్. నేను గూడ గందుకే మిమ్మల్ని అడిగిన. చిల్క ఏమన్న మనిషా?" అని ఎద్దును తోలుకొని పోయాడు. ఇన్నేళ్లలో నా పై అధికారులు ఇచ్చిన మెమోలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

తొంభైలు సగం అయ్యాక నాకు బదిలీ వచ్చింది. బల్ల ఖాళీ చేస్తుంటే సొరుగు అడుగున కవరు దొరికింది. చిరునామా సిరా వెలిసిపోయింది. విప్పితే లోపలి పొడి మాత్రం పెట్టిన రోజు ఎట్లా ఉందో అట్లాగే మెరుస్తోంది.

"పారేయ్" అని కాంపౌండర్‌కు ఇచ్చాను.

అతను గుమ్మం దాకా పోయి ఆగాడు. "యాడ పారెయ్యాలె సార్? బైట బర్లు తిరుగుతయి. నాకితే పాణం పోతది."

నిజమే కదా. ఇద్దరం దవాఖాన వెనక్కి పోయి, గడ్డపారతో మోకాలి లోతు గొయ్యి తవ్వి, పాతిపెట్టి, మీద రాళ్లు పేర్చాం. ఏ పశువూ కాలితో కెలకకుండా ముళ్లకంప కూడా వేశాం. ఆ సాయంత్రం సామాను లారీకి ఎక్కించి, నేనూ మా ఆవిడా బజారు మీదుగా బస్టాండుకు నడిచాం. సేటు దుకాణం ముందు చిలుక గొంతు చించుకొని "రా పటేలా, కూసో!" అంటోంది. రైతులు పోయి కూర్చుంటున్నారు. ఆ గొంతు నేను బాగుచేసిందే. లారీలో పోతే చెదిరిపోతుందని మా ఆవిడ ఆ ఏటి పసుపు మూటను చేతిలోనే తెచ్చింది. బస్సులో దాన్ని నా ఒళ్లో పెట్టింది. ఊరు దాటేదాకా రెండు చేతులతో పైలంగా పట్టుకొని కూర్చున్నాను.